మేనత్త రంగూ, మీటరు సూదీ

మా మేనత్త తన చావు ఫొటో బతికుండగానే తీయించుకోవాలని నిర్ణయించుకున్నది వైరాలో, ఒక దూరపు బంధువు జ్ఞాపకార్థ కూడికలో. మా క్రైస్తవుల ఇళ్ళలో మనిషి పోయిన కొన్నాళ్ళకు అందరినీ పిలిచి, ప్రార్థన చేసి, భోజనం పెడతారు. వేదిక మీద పోయినవాళ్ళ బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కడతారు. ఆ రోజు ఫ్లెక్సీలో ఉన్నాయన గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాడు. బతికుండగా ఆయన లారీ నడిపి నడిపి ఎండకు కమిలిన మనిషి. అత్త కళ్ళద్దాలు సవరించుకుని, పాట నడుస్తుండగానే, ముందు వరుసకు కూడా వినబడేలా అడిగింది.

“ఏమే, మనం గిట వేరే టెంటుకొచ్చినమా ఏంది?”

నేను ఆమె మోచేయి గిల్లాను. ఆమె నా చేయి తోసేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెరువు వైపు చూస్తూ తీర్పు చెప్పింది.

“నేను పోయినంక నన్ను గూడ గిట్ల గులాబీ పువ్వు జేస్తే లేచొచ్చి తంత. నా ఫొటో నువ్వు తియ్యి. నీకాడ ఆ రీలు కెమెరా ఉన్నది గద. అండ్ల ఎవ్వడు చెయ్యి పెట్టలేడు.”

“ఇప్పుడే ఏం తొందరత్తా?”

“వాల్వు ఖరాబయ్యింది. వానలు తగ్గంగనే హైదరాబాదుల ఆపరేషన్. నాకు ధైర్యం జెప్పకు, దవాఖానాల గా ధైర్యాలు నేను మస్తుమందికి జెప్పిన. ఆపరేషన్‌కు పోయేముంగట నా రంగుల నన్ను నేను ఒక్కసారి జూసుకోవాలె. గంతే.”

ఆమె జీవితమంతా అడవి అంచున ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. గుండె గురించి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. అందుకని నోరు మూసుకుని సరేనన్నాను.

అత్త నలుపు. మా ఇంట్లో ఈ మాటను ఎవరూ మెల్లగా అన్న పాపాన పోలేదు. పెళ్ళి సంబంధం కోసం ఖమ్మంలో స్టూడియోకు తీసుకెళ్తే, ఫొటో ఆయన నెగటివ్ మీద పెన్సిల్‌తో గీసి గీసి ఆమె ముఖాన్ని పాలమీగడలా చేసి ఇచ్చాడట. ఆ ఫొటో చూసి ముచ్చటపడి వచ్చిన కాబోయే అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయి “ఫొటోల పిల్ల ఏది?” అని అడిగింది. పెళ్ళైతే జరిగింది గానీ ఆ ప్రశ్న ఆ ఇంట్లోంచి పోలేదు. మా మామయ్య మంచివాడే, అయినా పండక్కీ పబ్బానికీ పదిమందిలో అదే జోకు. “ఫొటోల పిల్ల ఏది?” అందరూ నవ్వేవాళ్ళు. అత్త కూడా నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమె గోడకు మాత్రం ఇంకో ఫొటో ఉండేది. ఆసుపత్రి నర్సులందరూ తెల్ల యూనిఫారాల్లో, సున్నం గోడ ముందు, మిట్టమధ్యాహ్నం వరుసగా నిలబడిన గ్రూపు ఫొటో. అందులో అత్త ముఖం ఉండాల్సిన చోట మసి ముద్ద, ఆ ముద్దలో రెండు కళ్ళు, పలువరుస. “ఇగో, ఇదీ నేను. దీని మీద ఎవ్వడు పెన్సిల్ పెట్టలే,” అనేది. దాన్నే నిజం అనుకుంది. నేనూ కాదనలేదు, ఎందుకంటే అప్పటికి నాకు కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు గురించి ఏమీ తెలియదు.

ఇప్పుడు తెలుసా అంటే, అదీ చెప్పలేను. ఫిజిక్స్ భయంతో పారిపోయి జువాలజీ చదివి, ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో కప్ప గుండె బొమ్మలు గీయిస్తూ బతికేదాన్ని. సరదా పుట్టి ఒక పాత ఫిల్మ్ కెమెరా కొనుక్కున్నాను. దాని లోపల ఒక సూది ఉంటుంది. ఎదురుగా ఉన్న వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుతురును కొలుస్తూ పైకీ కిందికీ ఊగుతుంది. రింగు తిప్పి ఆ సూదిని మధ్యకు తెస్తే వెలుతురు సరిపోయినట్టు లెక్క. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, సూది ఏం చెబితే అది చేశాను. మార్కెట్లో పత్తి గుట్టను తీశాను. ఊరి బయట నల్ల గ్రానైటు పలకల్ని తీశాను. ఫొటోలు వచ్చాక చూస్తే పత్తీ బూడిదగానే ఉంది, గ్రానైటూ బూడిదగానే ఉంది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని, తప్పు పత్తిదా, రాయిదా, నాదా అని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత చదివితే తెలిసింది. మీటరుకు తన ముందున్నది పత్తో రాయో తెలియదు. ఏం చూసినా అది నలుపుకూ తెలుపుకూ నడిమిరంగులోనే ఉందని నమ్ముతుంది. తెల్లది కనబడితే ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అని తగ్గించమంటుంది, అది కాస్తా బూడిదవుతుంది. నల్లది కనబడితే ‘అయ్యో, చీకటి’ అని పెంచమంటుంది, అదీ బూడిదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న రకం. అందుకని తెల్లదాన్ని తెల్లగా తీయాలంటే సూది చెప్పినదానికంటే ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. నల్లదాన్ని నల్లగా తీయాలంటే తక్కువ ఇవ్వాలి. ఇది చదివినప్పుడల్లా నాకు అర్థమవుతుంది. కెమెరా చేతిలోకి రాగానే బుర్రలో తలకిందులవుతుంది. తెల్లగా ఉన్నదానికే ఇంకా ఇవ్వడమేంటి, ఇదెక్కడి న్యాయం అనిపిస్తుంది.

అత్త విషయంలో ఈ గందరగోళం ఇంకా ముదిరింది. ఆమె కట్టేది తెల్లచీర. సూదిని ముఖానికి గురిపెడితే ముఖం నల్లగా ఉందని వెలుతురు పెంచి ఆమెను తెల్లగా చేస్తుంది. చీరకు గురిపెడితే చీర తెల్లగా ఉందని తగ్గించి ముఖాన్ని మసి చేస్తుంది. స్టూడియో పెన్సిలూ, గ్రూపు ఫొటో మసీ రెండూ నా కెమెరాలోనే కాపురముంటున్నాయి. ఆ గ్రూపు ఫొటోను కూడా తెల్ల యూనిఫారాలూ సున్నం గోడా కలిసి పాడుచేసి ఉంటాయని అత్తకు ఫోన్లో చెప్పాను.

“బట్టలు తెల్లగుంటే మొఖం నల్లగైతదా? నీ సదువు సల్లగుండ,” అని ఆమె పెట్టేసింది.

మామూలు కలర్ ఫిల్మ్‌తో ఇంకో చిక్కుంది. ప్రింటు వేసేవాళ్ళు, కంప్యూటరు కలిసి రంగును తమకు నచ్చినట్టు దిద్దుతారు. అలా కాకుండా స్లైడ్ ఫిల్మ్ అని ఒకటుంది. కడగ్గానే రంగుల బొమ్మ ఫిల్మ్ మీదే ఉంటుంది, వెలుతురుకు ఎత్తిపట్టి చూసుకోవడమే. మధ్యలో ఎవరి చేయీ పడదు. కానీ తప్పును క్షమించదు, వెలుతురు కాస్త ఎక్కువైతే ముఖం పాలిపోతుంది, కాస్త తక్కువైతే చీకటైపోతుంది. అత్తకు కావలసింది అదే గనక దాన్నే తెప్పించాను. వెలుతురు కొలవడానికి ఒక కిటుకు కూడా పట్టాను. మనుషుల ముఖాలు ఎన్ని రంగులైనా అరచేతులు ఇంచుమించు ఒకే ఛాయలో ఉంటాయట, ఆ నడిమిరంగుకు ఒక మెట్టు తెల్లగా. కాబట్టి సూదిని ముఖానికీ చీరకూ చూపించకుండా, అదే వెలుతురులో మన అరచేతికి చూపించి, అది చెప్పినదానికి ఒక మెట్టు, అంటే రెట్టింపు, వెలుతురు పెంచితే చాలు. చీర చీర రంగులో, ముఖం ముఖం రంగులో వస్తాయి.

ఆషాఢం చివర్లో ఒక ఆదివారం బయల్దేరాను. కొత్తగూడెం దాటాక వాన పట్టుకుంది. భద్రాచలం వంతెన మీద గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. అక్కడ బస్సు మారి చర్ల రోడ్డులో అత్త ఊరు చేరేసరికి వాన వెలిసింది. చర్చి వెనక రెండు గదుల ఇల్లు, ముందు వరండా. ఆమె అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఆపరేషన్ బల్ల ఎక్కబోయే రోగిలా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూడగానే నా చేతులు పట్టుకుంది.

“ఏందే గీ ఎరుపు?”

“ఇంటి ఓనరమ్మ ఆషాఢమని రుబ్బి పెట్టింది. వద్దంటే వినలేదు.”

“పాస్టరమ్మ జూసిందంటే నీ కోసం ఉపాస ప్రార్థన పెడతది,” అని నవ్వి, “బాగ పండింది,” అని మెచ్చుకుంది కూడా.

మబ్బులు ఒక చోట నిలవడం లేదు. వెలుతురు పెరుగుతోంది, తగ్గుతోంది. ఆమె చెంపకు గురిపెడితే సూది ఒక మాట చెబుతోంది, చీరకు గురిపెడితే ఇంకో మాట, వెనక గోడకు పెడితే మరో మాట. బీపీ మిషను చూసినట్టు అత్త నన్నే చూస్తోంది.

“ఎంతున్నది?” అంది.

“ఒక్కో చోట ఒక్కోటి చూపిస్తోంది.”

“మనిషికి ఒక్కటే బీపీ ఉంటది. మిషన్ ఖరాబేమో జూస్కో.”

చివరికి అరచేయి చాపి, దానికి సూదిని చూపించి, ఒక మెట్టు పెంచి, ఊపిరి బిగబట్టి నొక్కాను. మబ్బు కదిలినప్పుడల్లా మళ్ళీ అరచేయి, మళ్ళీ ఒక మెట్టు. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వితే పళ్ళే కనబడతాయంది.

ఫిల్మ్ హైదరాబాదులో కడిగించుకుని, అత్తకు చూపిద్దామని కవరు కూడా పూర్తిగా విప్పకుండా వాళ్ళ ఊరికి పట్టుకుపోయాను. అది నా తెలివితక్కువతనం. వరండాలో ఆమె స్లైడ్‌ను ఆకాశానికి ఎత్తి పట్టుకుంది. అలాగే దించి నా ఒళ్ళో పడేసింది.

“నువ్వు గూడ మొదలువెట్టినవా?” అంది.

చూశాను. అత్త ముఖం గోధుమరంగులో వెలవెలబోతోంది. చీర మడతలు కనబడటం లేదు, గోడ మొత్తం తెల్లగా కాలిపోయింది. అన్ని స్లైడ్‌లూ అంతే. నేనేం చేయలేదత్తా, కొలిచే తీశానత్తా అంటున్నాను గానీ నా గొంతే నాకు దొంగ గొంతులా వినబడింది. ఆమె అరవలేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. ఆ రోజు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అరిచి ఉంటే బాగుండేదని బస్సులో ఖమ్మం దాకా అనుకున్నాను.

ఇంటికొచ్చి కొన్ని రోజులు పిచ్చిదానిలా తిరిగాను. కెమెరాలో బ్యాటరీ మార్చాను. పుస్తకం తిరగేశాను. ఒక మెట్టు పెంచాలా, తగ్గించాలా? పెంచమనే ఉంది. మీటరు చెడిపోయిందా? పక్క రూమువాళ్ళ ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ ఉంటే దానితో పోల్చి చూశాను, చెడిపోలేదు. మరి మనుషుల అరచేతులన్నీ ఒకటేనన్న మాట అబద్ధమా? ఒకవేళ అత్త నిజంగానే అంత తెల్లగా ఉంటుందా? ఇది రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, నిజంగానే ఒక పొద్దున ఆ అనుమానం కూడా వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. మీటరునూ నమ్మలేను, కళ్ళనూ నమ్మలేను.

శ్రావణ శుక్రవారం పూట ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మా మేడ మీద కిటికీ దగ్గర మళ్ళీ అరచేయి కొలుస్తున్నాను. ఇంటి ఓనరమ్మ వాయనం తెచ్చింది. ఆమె చేతికి కొత్త గోరింటాకు. నా చేతిది ఎప్పుడో వెలిసిపోయింది, గోళ్ళ చివర మాత్రమే మిగిలింది.

“ఏంది మేడం, చేతుల్ల జాతకం జూసుకుంటున్నరా?” అని ఆమె తన చేతిని కూడా నా చేతి పక్కన చాపింది.

కెమెరా నా చేతి మీంచి ఆమె చేతి మీదికి జరిగింది. సూది దబ్బున కిందికి పడింది. మళ్ళీ నా చేతి మీదికి తెస్తే పైకి లేచింది. అదే కిటికీ, అదే మబ్బు వెలుతురు. నాకు అర్థం కావడానికి అంత సమయం పట్టకూడదు, కానీ పట్టింది. ఆ రోజు వరండాలో సూది చూసింది అరచేతిని కాదు, గోరింటాకును. ముదురెరుపును చూసి చీకటనుకుని వెలుతురు పెంచమంది. దాని మీద నేను ఇంకో మెట్టు పెంచాను. ఇన్ని పుస్తకాలు రాసినవాళ్ళలో ఒక్కరైనా చేతికి గోరింటాకు పెట్టుకుని ఉండరు. పెట్టుకుని ఉంటే రాసేవాళ్ళు.

అత్తకు ఫోన్ చేశాను. గోరింటాకు వల్లే నువ్వు తెల్లగా వచ్చావని చెప్పాను.

“గోరింటాకు పెట్టుకుంటే నువ్వు ఎర్రగ గావాలె గని, నేను తెల్లగైతనా?” అంది. తర్వాత ఆయాసం వచ్చేదాకా నవ్వింది. నేను భయపడి ఇక చాలన్నాను. “రా మల్ల,” అంది.

రెండోసారి వెళ్ళినప్పుడు నా చేతిని నేనే నమ్మలేదు. వరండాలో కుర్చీ వేసి, “అత్తా, ఈసారి నీ అరచేయి చూపించు,” అన్నాను. ఆమె ఎప్పుడూ గోరింటాకు పెట్టుకోని మనిషి. సబ్బునీళ్ళలో కడిగి కడిగి గీతలు అరిగిపోయిన చేయి. దాన్ని చెంప పక్కన, కెమెరా వైపు, ప్రమాణం చేస్తున్నట్టు పట్టుకుంది.

“నా చెయ్యి నీకు పనికొస్తదా? నల్లదాన్ని గద.”

“అరచేతులు అందరివీ ఒకటేనట.”

ఆమె కొంచెం ఆలోచించింది. “అవ్, నిజమే. పుట్టిన పిల్లలందరి అరచేతులు ఒక్క తీర్గనే ఉంటయి. కోయోళ్ళ పిల్లలైనా, డాక్టరమ్మ పిల్లలైనా. ఎన్ని చేతులు కడిగిన, నాకు సోయే లేదు,” అంది. సూది మధ్యకొచ్చింది. ఒక మెట్టు పెంచాను. ఆమె చేయి దించింది. నేను నొక్కాను.

ఆ ఫిల్మ్ కడిగి వచ్చేసరికి ఆపరేషన్ దగ్గరపడింది. అత్త కొడుకు, మా బావ, హైదరాబాదు నుంచి కారు తెచ్చి ఆమెను తీసుకెళ్తూ, దారిలో ఖమ్మంలో మా ఇంటి దగ్గర ఆపాడు. ఆమెకు మెట్లెక్కడం కష్టమైంది. వద్దన్నా ఎక్కింది. పైకి రాగానే మంచినీళ్ళు కూడా అడగలేదు.

“ఏది?” అంది.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, కాలేజీలో మేం పురుగుల్ని చూసే భూతద్దం ఒక చేతికీ, స్లైడ్ ఇంకో చేతికీ ఇచ్చాను. ఈసారి నేను ముందే చూసుకున్నాను. చీర మీద మడత మడతా ఉంది. గోడ మీద వాన చారికలున్నాయి. మధ్యలో అత్త ఉంది. నాకైతే అత్తలాగే ఉంది. కానీ అప్పటికి నా కళ్ళ మీద నాకు పూచీ లేదు.

ఆమె చూస్తూనే ఉంది. నేను ఆమె నోటి వైపు చూస్తున్నాను.

“మల్ల తెల్లగ జేసినవ్,” అంది మెల్లగా.

“లేదత్తా. ఒట్టు. నీ చేతితోనే కొలిచాను.”

“నేను గింత మంచిగ ఉండ. నాకు దెల్వదా?”

నేను స్లైడ్ తీసుకుని ఆమె చెంప పక్కన, కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాను. ఆ చెంప, ఈ చెంప. దవడ కింద నీడ, కళ్ళ కింద మరికాస్త ముదురు, చెంప ఎముక మీద సన్నటి మెరుపు. ఎంత చూసినా నాకు తేడా కనబడలేదు. గోడకున్న అద్దం తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

“నువ్వే పోల్చుకో. రోజూ అద్దం చూసుకుంటావు కదా.”

“అద్దంల పాపిట జూసుకుంట. దువ్వెన జూసుకుంట,” అంది. “మొఖం ఎన్నడు జూసిన?”

కింద బావ కారు హారన్ కొట్టాడు. ఆమె పట్టించుకోలేదు. అద్దంలో చూసింది. స్లైడ్ ఎత్తి చూసింది. మళ్ళీ అద్దంలో చూసింది. ఈసారి కళ్ళద్దాలు తీసి, అద్దాన్ని దగ్గరగా పెట్టుకుని, చెంపను వేళ్ళతో తడుముకుంటూ, వార్డులో కొత్తగా చేరిన రోగిని చూసినట్టు తన ముఖాన్ని తను చూసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“గింతేనా?” అంది.

నేను తలూపాను.

“గింత నలుపుకేనా బిడ్డా, గన్ని మాటలన్నరు?”